పాత బండికి తుక్కు రాయితీ: ఎవరికి ఇస్తే ప్రయోజనం, ఎవరికి ఇస్తే వృథా

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. గుంటూరులో 2008లో కొన్న చిన్న పెట్రోలు కారు మీ దగ్గర ఉంది, నెలకు 500 కిలోమీటర్లకు మించి తిరగదు, దాన్ని తుక్కుకిచ్చి కొత్తది కొంటే పన్నులో రాయితీ వస్తుందని షోరూమువారు చెబుతున్నారు, ఇవ్వాలా వద్దా అన్నది మొదటిది. అసలు ప్రభుత్వం ప్రోత్సాహకాలిచ్చి పాత కార్లను తుక్కు చేయించడం అర్థమున్న పనేనా అన్నది రెండోది. వాహనాల మరమ్మతు, సామర్థ్య పరీక్షల రంగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ముందు రెండో ప్రశ్నకు జవాబు చెప్పి, తర్వాత మీ కారు దగ్గరికి వస్తాను.

నా అభిప్రాయం ఇది: రోజూ వందల కిలోమీటర్లు తిరుగుతూ నల్లటి పొగ వదిలే పాత డీజిలు లారీని, బస్సును, అద్దె వ్యానును రోడ్డు మీదినుంచి తప్పించడానికి ప్రజాధనం ఖర్చు పెట్టడం సమంజసమే, అవసరం కూడా. వారానికోసారి గుడికో పెళ్లికో బయటికి తీసే సొంత పెట్రోలు కారును వయసు మీరిందన్న ఒక్క కారణంతో తుక్కు చేయించడానికి డబ్బివ్వడం మాత్రం దాదాపు వృథా. రాయితీ బండి వయసును చూసి కాక, అది వదిలే పొగనూ తిరిగే దూరాన్నీ చూసి ఇవ్వాలి. మన విధానంలో ఈ తేడా కొంత ఉంది, కానీ ఉండాల్సినంత లేదు.

ఇంధనం లెక్క ముందు చూద్దాం. మీ కారు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తోందని, కొత్త కారు 18 ఇస్తుందని అనుకుందాం. ఏడాదికి 6,000 కిలోమీటర్లకు ఇప్పుడు 500 లీటర్లు అవుతాయి, కొత్తదానికి 333 లీటర్లు సరిపోతాయి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఏడాదికి తగ్గేది సుమారు 385 కిలోలు. కొత్త చిన్న కారు తయారీలో, అంటే ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్, రంగులు, రవాణా అన్నీ కలిపి, 5 టన్నులు వెలువడుతుందని అనుకుంటే, ఆ 5 టన్నులు తీరడానికి 13 సంవత్సరాలు పడుతుంది. ఇదే లెక్కను ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీకి వేస్తే 16 నెలల్లోనే తీరిపోతుంది. రెండు చోట్లా బండి వయసు ఒకటే, తేడా అంతా తిరిగే దూరంలోనే ఉంది. అందుకే పదిహేనేళ్లు దాటిన వాహనాలన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడే లెక్కలను నేను నమ్మను.

మనం పీల్చే గాలి విషయం ఇంతకంటే ముఖ్యమైనది, అక్కడ తేడా ఇంకా పెద్దది. కొత్త బండి పొగలో కాలుష్యం ఎంతకు మించకూడదో చెప్పే భారత్ స్టేజ్ (బి.ఎస్.) ప్రమాణాలు మన దగ్గర అంచెలంచెలుగా వచ్చాయి. దేశమంతటా బి.ఎస్.2 2005లో, బి.ఎస్.3 2010లో, బి.ఎస్.4 2017లో, బి.ఎస్.6 2020 ఏప్రిల్ 1న అమలయ్యాయి. బి.ఎస్.5ను వదిలేసి నేరుగా 6కు వెళ్లాం. భారీ డీజిలు ఇంజన్ల పొగలోని సూక్ష్మ ధూళికి, అంటే ఊపిరితిత్తుల లోతుకు చేరే ఆ నల్లటి మసికి, బి.ఎస్.2లో అనుమతించిన పరిమితి ఇంజను చేసే ఒక కిలోవాట్-గంట పనికి 0.15 గ్రాములు, బి.ఎస్.3లో 0.10 గ్రాములు. బి.ఎస్.6లో అది 0.01 గ్రాము. అంటే 2008 నాటి లారీ కొత్తగా షెడ్డునుంచి బయటికి వచ్చిన రోజునే ఇప్పటి లారీకంటే 15 రెట్ల మసి వదలడానికి చట్టం అనుమతించింది. ఇంజెక్టర్లు అరిగి, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి, లోడు మీద ఘాటెక్కేటప్పుడు అది ఎంత వదులుతుందో వెనకాల బైకు మీద వెళ్లిన ఎవరికైనా తెలుసు. పెట్రోలు కారులో తేడా ఇంత ఉండదు. బి.ఎస్.2 పెట్రోలు కారుకు హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోమీటరుకు 0.5 గ్రాములు పరిమితి కాగా, బి.ఎస్.6లో ఆ రెండూ కలిపి 0.16 గ్రాములు. మూడు రెట్లు తేడా, అదీ ఆ కారు నిజంగా తిరిగిన కిలోమీటర్లకే.

ఇంకో చిక్కు ఉంది. వయసు చూసి ప్రమాణం చెప్పలేం. హైదరాబాద్ వంటి పెద్ద నగరాల్లో కొత్త ప్రమాణాలు మిగతా ప్రాంతాలకంటే ఏళ్ల ముందే వచ్చాయి. 2008లో హైదరాబాద్‌లో కొన్న కారు బి.ఎస్.3, అదే ఏడాది గుంటూరులో కొన్న మీ కారు బి.ఎస్.2 కావచ్చు. ఒకే వయసున్న రెండు కార్లను కాగితం మీద తారీఖు చూసి ఒకేలా తుక్కుకు పంపడం ఇంజనీరింగు దృష్టితో చూస్తే సరికాదు.

ఇలాంటి పథకాలను పెద్ద ఎత్తున అమలు చేసిన దేశాల అనుభవం మనకు ఉపయోగపడుతుంది. అమెరికాలో 2009 వేసవిలో, ఆర్థిక మాంద్యం మధ్యలో, పాత బండి తెచ్చి కొత్తది కొంటే 3,500 లేదా 4,500 డాలర్లు ఇచ్చే పథకం పెట్టారు. మొదట కేటాయించిన 100 కోట్ల డాలర్లు కొద్ది రోజుల్లోనే అయిపోవడంతో ఇంకో 200 కోట్లు ఇచ్చారు. ఆగస్టు చివరి వారానికల్లా దాదాపు 6 లక్షల 77 వేల పాత బండ్లు లోపలికి వచ్చాయి. వాటి ఇంజన్లు మళ్లీ వాడకుండా ఆయిలు తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా నడిపించారు. వచ్చిన పాత బండ్ల సగటు మైలేజీ మన లెక్కలో లీటరుకు 6.7 కిలోమీటర్లు, కొన్న కొత్తవాటిది 10.6. చూడటానికి గొప్ప ఫలితమే.

తర్వాత ఆర్థికవేత్తలు దాన్ని విడదీసి చూశారు. అతిఫ్ మియాన్, అమీర్ సూఫీ చేసిన పరిశీలనలో ఆ రెండు నెలల్లో పెరిగిన అమ్మకాలు తర్వాతి ఏడెనిమిది నెలల్లో దాదాపు అంతే మేరకు తగ్గిపోయాయని తేలింది. అంటే ఎలాగూ కొనబోయేవారే కొన్ని నెలలు ముందుకు జరిగి కొన్నారు. మార్క్ హోక్‌స్ట్రా, స్టీవెన్ పుల్లర్, జెరెమీ వెస్ట్ పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. రాయితీ దక్కాలంటే మైలేజీ ఎక్కువ ఉన్న బండినే కొనాలి కాబట్టి జనం చిన్న, చవకైన కార్లు తీసుకున్నారు. దాంతో వాహన పరిశ్రమకు వచ్చిన మొత్తం ఆదాయం పథకం లేకపోతే వచ్చేదానికంటే తగ్గిందని వారు చూపించారు. బ్రూకింగ్స్ పరిశోధన సంస్థకు చెందిన టెడ్ గేయర్, ఎమిలీ పార్కర్ లెక్క ప్రకారం ఆ పథకం కల్పించిన ఒక్కో ఉద్యోగానికి 14 లక్షల డాలర్లు ఖర్చయింది. పరిశ్రమను ఆదుకోవడం, పర్యావరణాన్ని కాపాడటం అన్న రెండు లక్ష్యాలను ఒకే డబ్బుతో సాధించాలనుకున్నారు, రెండూ ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. మన దగ్గర కూడా తుక్కు విధానాన్ని ప్రకటించినప్పుడల్లా కొత్త బండ్ల అమ్మకాలు పెరుగుతాయన్న మాట ముందుగా వినిపిస్తుంది కాబట్టే దీన్ని ఇంత వివరంగా చెప్పాను.

అదే ఏడాది జర్మనీ తొమ్మిదేళ్లు దాటిన కారుకు 2,500 యూరోలు ఇచ్చింది. 500 కోట్ల యూరోలు, సుమారు 20 లక్షల కార్లు. అక్కడ తుక్కు కావలసిన కార్లలో కొన్ని దొంగదారిన విదేశాలకు చేరి మళ్లీ రోడ్డెక్కాయన్న ఆరోపణలు వచ్చాయి. పాత బండి నిజంగా ముక్కలైందని రూఢి చేసుకోకుండా డబ్బిస్తే జరిగేది అదే.

వీటికి భిన్నంగా కాలిఫోర్నియాలో చాలాకాలంగా ఒక పథకం నడుస్తోంది. పొగ పరీక్షలో తప్పిన కారును యజమాని స్వచ్ఛందంగా వదులుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుంది, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఎక్కువ ఇస్తుంది. ఆ డబ్బుతో కొత్త కారే కొనాలన్న షరతు లేదు. బస్సు పాసు కొనుక్కున్నా వారిష్టం. నా దృష్టిలో సరైన పద్ధతి ఇదే, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వం కొంటున్నది కారు వయసును కాదు, పరీక్షలో తేలిన పొగను.

ఇక మన సంగతి. 2021 బడ్జెట్టులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన తుక్కు విధానాన్ని ఆ ఏడాది ఆగస్టు 13న ప్రధాని ప్రారంభించారు. దీని ప్రకారం వాణిజ్య వాహనం 15 ఏళ్లకు, సొంత వాహనం 20 ఏళ్లకు పరీక్షలో తప్పితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. చాలామంది అనుకుంటున్నట్టు, పరీక్షలో నెగ్గిన ప్రైవేటు బండిని వయసు కారణంగా తుక్కు చేయాలని ఈ విధానంలో ఎక్కడా లేదు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రంలో బండిని అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపించి కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు, రాష్ట్రాలు వాహన పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, వాణిజ్య వాహనాలకు 15 శాతం వరకు తగ్గించవచ్చు. తయారీదారులు 5 శాతం తగ్గించాలని కేంద్రం సూచించింది, కానీ 2024 ఆగస్టులో కంపెనీలు పరిమిత కాలానికి ఒప్పుకున్నది కార్లకు ఒకటిన్నర శాతం లేదా 20,000 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది, భారీ వాణిజ్య వాహనాలకు 3 శాతం. ఇంకోవైపు పాతది ఉంచుకునేవారికి ఖర్చు పెంచారు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2025లో 20 ఏళ్లు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు.

ఈ రాయితీల్లో అసలు లోపం లారీ యజమాని దగ్గర కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీల వ్యాపారం చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. సొంతంగా నడుపుకునే డ్రైవరు దగ్గరున్న పాత లారీ ఇంకా నాలుగైదు లక్షలకు అమ్ముడుపోతుంది. కొత్తది కొనాలంటే 30 లక్షలు పైమాటే, నెలనెలా వాయిదాలు కట్టాలి, ఇప్పటి కిరాయిలు ఆ వాయిదాలకు సరిపోవు. 30 లక్షల్లో 3 శాతం అంటే 90,000 రూపాయలు. తయారీదారు ఇచ్చే ఆ తగ్గింపుకు పన్ను రాయితీ తోడైనా అతడు నాలుగు లక్షల బండిని తుక్కు ధరకు వదులుకోడు, వదులుకోలేడు కూడా. అతడికి నిజంగా అందుబాటులో ఉన్న మెట్టు బి.ఎస్.2 లారీనుంచి బి.ఎస్.6 లారీకి కాదు, బి.ఎస్.4 సెకండ్ హ్యాండ్ లారీకి. ఆ ఒక్క మెట్టు ఎక్కినా మసి పరిమితి 0.15 నుంచి 0.02కు పడిపోతుంది, అంటే ఏడో వంతుకు దిగుతుంది. రాయితీని కొత్త బండి కొనుగోలుతో ముడిపెట్టడం వల్ల ఈ మెట్టుకు పైసా సాయం అందడం లేదు. ప్రభుత్వం దగ్గర ఒక్క రూపాయే ఉంటే నేను దాన్ని ఇక్కడే ఖర్చు పెట్టమంటాను.

డిపాజిట్ సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అమ్ముకునే వీలు నిబంధనల్లో ఉండటం మంచి విషయం. కొత్త బండి కొనే స్తోమత లేని యజమాని తన సర్టిఫికెట్‌ను కొనేవారికి ఇచ్చి కొంత డబ్బు పొందవచ్చు. కానీ ఆ సంగతి లారీ అడ్డాల్లో తెలిసినవారు చాలా తక్కువ. రవాణా శాఖ దీన్ని లారీ యజమానుల సంఘాల ద్వారా వివరిస్తే బాగుంటుంది.

పరీక్ష నమ్మదగ్గది కానంతవరకు పైవన్నీ గాలి మాటలే. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ ఒకసారి తిరిగి ఫిట్‌నెస్ ఇచ్చే పద్ధతిలో పొగ ఎక్కువ వదిలే బండిని పట్టుకోవడం సాధ్యం కాదు. యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ కేంద్రాలను భారీ వాణిజ్య వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచే తప్పనిసరి చేయాలనుకున్నారు, కేంద్రాలు చాలక 2024 అక్టోబరుకు వాయిదా వేశారు. ఏ నగరంలో కొలిచినా బండ్లు వదిలే మొత్తం కాలుష్యంలో పెద్ద వాటా కొద్దిపాటి బండ్లదే అవుతుంది, వాటిలో సరిగ్గా చూసుకోని కొత్త బండ్లు కూడా ఉంటాయి. రోడ్డు పక్కన అమర్చి, దాటిపోయే బండి పొగను కొలిచే పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. రాయితీలకు కేటాయించే సొమ్ములో కొంత భాగాన్ని వీటికి, పరీక్షా కేంద్రాలకు మళ్లిస్తే మిగతా డబ్బు సరైన చోటికి చేరుతుంది.

వయసునే కొలబద్దగా తీసుకుంటే ఏమవుతుందో ఢిల్లీ చూపించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015 ఉత్తర్వుల ప్రకారం అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి తిరగకూడదు. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జూలై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదని ఆదేశించగా, జనం ఆగ్రహంతో రెండు మూడు రోజుల్లోనే ఆపేయాల్సి వచ్చింది. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దంది, డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్.4, ఆపై ప్రమాణాల బండ్లకు పరిమితం చేసింది. చివరికి వయసునుంచి ప్రమాణం వైపే రావాల్సి వచ్చింది. అక్కడ తిరగకూడని మంచి కార్లు చాలా నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు అమ్ముడుపోయాయి. ఢిల్లీ పొగ ఇంకో ఊరికి చేరింది, తగ్గలేదు.

2025 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా ఈ దిశలో మంచి అడుగు. బి.ఎస్.1, అంతకుముందు కాలపు ఏ బండినైనా, బి.ఎస్.2 అయితే మధ్యతరహా, భారీ వాహనాలను తుక్కు చేస్తే పన్ను రాయితీని 50 శాతం వరకు పెంచాలని అందులో ప్రతిపాదించారు. బండి పుట్టిన ఏడాదికి కాక దాని ప్రమాణానికి రాయితీని ముడిపెట్టడం నేను కోరుకునేదే. తిరిగే దూరాన్ని కూడా చేరిస్తే, అంటే వాణిజ్య వాహనాలకు ఎక్కువ వాటా ఇస్తే, ఇంకా బాగుంటుంది.

తుక్కు కేంద్రాలకు అనుకూలంగా ఒక మాట చెప్పాలి. బండిని తిప్పడం ఆపాక అది ఎక్కడ విడిపోతుందన్నది కూడా పర్యావరణ విషయమే. దుకాణాల వెనక ఖాళీ స్థలాల్లో ఆయిలును నేలమీద పారబోసి, వైర్లను తగలబెట్టి రాగి తీసి, ఏసీ గ్యాసును గాల్లోకి వదిలి చేసే పనిలో అక్కడి కుర్రాళ్ల ఆరోగ్యం దెబ్బతింటోంది, నేల పాడవుతోంది. గుర్తింపు పొందిన కేంద్రంలో ముందు ఇవన్నీ వేరు చేయాలి. పాత ఆర్.సి.ని దొంగ బండికి తగిలించే మోసం కూడా ఛాసిస్ నంబరు ముక్కను కోసి రికార్డులో రద్దు చేస్తే ఆగుతుంది. కానీ తరాలుగా ఈ పని చేస్తున్న ఆటోనగర్ మేస్త్రీలకు శిక్షణ, స్థలం, అప్పు ఇచ్చి వారినే ఆ కేంద్రాల్లోకి తీసుకోవాలి. పాత బండ్ల విడిభాగాల గురించి వారికున్న జ్ఞానం పెద్ద కంపెనీల దగ్గర లేదు.

ఇప్పుడు మీ కారు. తుక్కుగా దాని బరువు 800 కిలోలు, కిలోకు 25 నుంచి 30 రూపాయలు అనుకుంటే 20 నుంచి 24 వేలు వస్తాయి. నడిచే స్థితిలో ఉన్న అదే కారుకు సెకండ్ హ్యాండులో అంతకు రెండు మూడు రెట్లు పలకవచ్చు. కొత్త కారు కొనాలని మీరు ముందే నిర్ణయించుకుని ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్నుపై మీకు తగ్గే మొత్తం ఎంతో రవాణా కార్యాలయంలో అడిగి, దానికి తుక్కు ధరను, తయారీదారు ఇంకా ఇస్తుంటే ఆ తగ్గింపును కలిపి, సెకండ్ హ్యాండ్ ధరతో పోల్చండి. పది లక్షల కారుకు పన్ను లక్ష పైచిలుకు ఉంటుంది కాబట్టి అందులో పాతిక శాతం చిన్న మొత్తం కాదు, లెక్క తుక్కు వైపే మొగ్గవచ్చు. కొత్త కారు అవసరం లేకుండా రాయితీ కోసమే కొనాలనుకుంటే మాత్రం వద్దు. 25,000 మిగులుతాయని పది లక్షలు ఖర్చు పెట్టడం అవుతుంది.

ఉంచుకుంటే, ఏడాదికోసారి స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్పించి, సైలెన్సరు దగ్గరుండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు పనిచేస్తోందో లేదో నమ్మకమైన మెకానిక్కుకు చూపించండి. కొందరు మెకానిక్కులు అది మూసుకుపోతే తీసేసి ఖాళీ గొట్టం పెడతారు, దానికి ఒప్పుకోవద్దు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు నిజంగా గొట్టంలో ప్రోబు పెట్టి కొలవమని పట్టుబట్టి, కార్బన్ మోనాక్సైడ్ అంకెను మీరే రాసిపెట్టుకోండి. ఏటా ఆ అంకె పెరుగుతుంటే బండిని వదిలేసే సమయం వచ్చిందని అర్థం.

ఇచ్చేయాలని నిర్ణయించుకుంటే ఇనుప సామాన్ల దుకాణానికి మాత్రం ఇవ్వకండి. దేశంలో ఏ రాష్ట్రంలోని గుర్తింపు పొందిన కేంద్రానికైనా ఇవ్వవచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఎక్కడిదైనా ఫరవాలేదు. ఫైనాన్సు తీరినట్టు ఆర్.సి.లో నమోదైందో లేదో, చలానాలు, పన్ను బకాయిలు ఏమైనా ఉన్నాయో ముందే చూసుకోండి. బండి అప్పగించినప్పుడు డిపాజిట్ సర్టిఫికెట్, ముక్కలు చేశాక తుక్కు చేసినట్టు ధ్రువీకరణ పత్రం, రెండూ అడిగి తీసుకోండి. కొన్ని వారాల తర్వాత వాహన్ పోర్టల్‌లో మీ నంబరు కొట్టి, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు కనిపించేదాకా ఆ కాగితాలను జాగ్రత్తగా ఉంచండి.